పదహారేళ్ల మేనల్లుడు చెయ్యి దాటిపోతున్నాడు. డీఅడిక్షన్ సెంటర్‌కి పంపాలా, ఇంట్లోనే ఉంచాలా?

చింతల్ మేనమామ:

అందరికీ నమస్కారం. ఇంటి సంగతి ఇలా బయట రాయడం అలవాటు లేదు, అందుకే కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

మా అక్క కొడుకు. ఈ మధ్యే పదహారు నిండాయి. మా బావ లారీ నడిపేవాడు, 2021లో కరోనా రెండో వేవ్‌లో పోయాడు. అక్క జీడిమెట్లలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పొద్దున్నే వెళ్తే, ఓటీ (ఓవర్‌టైమ్) ఉన్న రోజు ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. వాడి తర్వాత ఒక ఆడపిల్ల, ఎనిమిదో తరగతి.

టెన్త్ మంచి మార్కులతోనే పాసయ్యాడు. ఇంటర్‌లో ఎంపీసీ. ఫస్టియర్‌లో మ్యాథ్స్ రెండు పేపర్లూ పోయాయి, ఫిజిక్స్ కూడా పోయింది. సప్లిమెంటరీకి ఫీజు కట్టాం, పరీక్షకని ఇంట్లోంచి బయల్దేరాడు గానీ రాయలేదు. ఆ తర్వాత కాలేజీ గడప తొక్కలేదు. పగలంతా నిద్ర, చీకటి పడితే బస్తీ చివర నీళ్ల ట్యాంకు దగ్గర అడ్డా. అక్కడుండే వాళ్లలో ఇద్దరు ఇరవై దాటినవాళ్లు. బట్టల్లో గంజాయి వాసన వస్తోందని అక్క ఏడుస్తుంది. ఇంట్లో డబ్బులు కూడా పోతున్నాయి.

పోయిన నెల ఆ పెద్దవాళ్లు ఇద్దరూ ఎక్కడినుంచో తెచ్చిన బైకు మీద మావాడు వెనక కూర్చుని దొరికాడు. పిల్లల కేసులు చూసే జువైనల్ బోర్డు ముందు పెట్టారు. బెయిలు ఇచ్చి అక్కకి అప్పగించారు. మళ్లీ వాయిదా ఉంది. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికి వచ్చి మాట్లాడతారట.

ఇప్పుడు చుట్టాల్లో సగం మంది నాగర్‌కర్నూల్ దగ్గర మా పెదనాన్న వాళ్ల ఊరికి పంపేయమంటున్నారు, పొలం పనిలో పెడితే బాగుపడతాడని. మిగతావాళ్లు ఒక డీఅడిక్షన్ సెంటర్ నంబర్ ఇచ్చారు. ఫోన్ చేశాను. 'అడ్రస్ పెట్టండి, రాత్రిపూట మా మనుషులు వచ్చి తీసుకెళ్తారు, మూడు నెలలు కలవడానికి ఉండదు, ఫోన్ ఉండదు' అన్నారు. నెలకి పదిహేను వేలట, ముందే కట్టాలట. ఆదివారం రమ్మంటారా అని అడుగుతున్నారు. అక్క గొలుసు తాకట్టు పెడతానంటోంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇంత జరిగినా చెల్లెల్ని రోజూ స్కూల్ దగ్గర వాడే దింపుతాడు. రాత్రంతా నిద్ర లేకపోయినా ఆ టైముకి లేస్తాడు. అందుకే నాకు మనసు ఒప్పడం లేదు. ఇలాంటివి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లీగల్ ఎయిడ్ వకీలు:

అన్నా, ముందు కేసు సంగతి చెప్తాను, దాంతో సగం టెన్షన్ తగ్గుతుంది.

మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం లెక్కలో అది చిన్న నేరాల కిందకే వస్తుంది. మామూలుగా చిన్న నేరాల్లో పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు, డైరీలో రాసుకోవాలి. మీవాడు పెద్దవాళ్లతో కలిసి దొరికాడు కాబట్టి ఎఫ్‌ఐఆర్ ఉండి ఉంటుంది. అంతమాత్రాన భయపడొద్దు. బోర్డు విచారణ నాలుగు నెలల్లో ముగించాలి, ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరమైతే ఆ గడువులోనూ తేలకపోతే కేసు అక్కడితో ఆగిపోతుంది. తప్పు చేశాడని తేలినా మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ లాంటి మార్గాలు బోర్డు చేతిలో ఉంటాయి.

రేపు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో అడ్డం వస్తుందని చాలామంది బెంగపడతారు. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది, 74వ సెక్షన్.

ప్రొబేషన్ ఆఫీసర్ వచ్చినప్పుడు ఏదీ దాచొద్దు. వాళ్లు రాసే సామాజిక నివేదికని బోర్డు శ్రద్ధగా చదువుతుంది. నాన్న పోయాడు, అమ్మ రాత్రి దాకా ఇంట్లో ఉండదు, పరీక్ష పోయింది, అన్నీ చెప్పండి. అలాగే ఇకమీదట మీ కుటుంబం ఏం చేయబోతోందో కూడా చెప్పండి. ఖాళీ చేతులతో కూర్చున్న ఇంటికీ, ఇదిగో ఈ పని మొదలుపెట్టాం అని చూపించిన ఇంటికీ నివేదికలో చాలా తేడా వస్తుంది. వకీలుకి డబ్బు ఖర్చు పెట్టొద్దు, పిల్లలకి ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కి ఫోన్ చేయండి.

ఆ సెంటర్ విషయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మైనర్‌ని చేర్చుకోవడానికి ముందు సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. ఉన్నన్నాళ్లూ తల్లిదండ్రుల్లో ఒకరో, వాళ్ల తరఫు మనిషో పిల్లాడి పక్కనే ఉండాలి. అలాంటప్పుడు 'మూడు నెలలు కలవడానికి లేదు' అన్న మాటకి చోటెక్కడ? అడ్వాన్స్ కట్టకండి. పైగా బెయిలు మీద ఉన్న పిల్లాణ్ని బోర్డుకి చెప్పకుండా పంపేస్తే వాయిదా రోజు జవాబు చెప్పాల్సింది మీ అక్కే. ఊరికి పంపినా అంతే.

బస్తీ ట్యూషన్ అక్క:

తమ్ముడూ, వకీలు గారు చట్టం చెప్పారు. నేను బస్తీ సంగతి చెప్తాను. బోరబండ వైపు ఒక కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు ఇలాంటి పిల్లలతో పని చేస్తుంటాను, ఏళ్లు గడిచాయి. నా మాట సూటిగా ఉంటుంది, ఏమనుకోవద్దు.

పంపొద్దు. ఊరికీ వద్దు, ఆ సెంటర్‌కీ వద్దు.

ఎందుకంటే పంపిన పిల్లాడు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తాడు. వచ్చేసరికి అదే గది, అదే ట్యాంకు, వాళ్లే దోస్తులు, అమ్మకి అదే షిఫ్టు. వీడు మారినా చుట్టూ ఏమీ మారలేదు కదా. దానికి తోడు మా అమ్మే నన్ను పట్టించింది అన్న కోపం ఒకటి లోపల పడి ఉంటుంది. రాత్రిపూట నలుగురు మగాళ్లు వచ్చి ఎత్తుకెళ్లిన పిల్లల్ని నేను తర్వాత చూశాను. గంజాయి మానించడం కన్నా వాళ్లచేత మళ్లీ మాట్లాడించడమే కష్టమైంది. ఒకడైతే తలుపు కొడితే ఉలిక్కిపడేవాడు.

గంజాయికి మూడు నెలలు తాళం వేసి ఉంచాల్సిన అవసరం సాధారణంగా రాదు. మానేసిన మొదటి వారం పది రోజులు చికాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం ఉంటాయి. ప్రాణం మీదకి వచ్చేవి కావు. ఇంట్లో వాళ్లు తెలుసుకుని ఉంటే తట్టుకోవచ్చు. కానీ డాక్టర్‌కి చూపించాలి, ఎందుకంటే ఈ వయసులో వాడితే కొందరికి అనుమానాలు, ఎవరో పిలుస్తున్నట్టు వినపడటం మొదలవుతాయి. అలాంటిది ఏమైనా కనిపిస్తే ఒక్క రోజు ఆగొద్దు. చింతల్ నుంచి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం మీకు దూరం కాదు, పొద్దున్నే ఓపీకి తీసుకెళ్లండి. వెళ్లేముందు భయంగా ఉంటే 14416కి చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రైనా సరే. మత్తు మాన్పించే విషయానికి 14446 ఉంది. వాడిచేతే చేయించగలిగితే ఇంకా మంచిది.

ఇక అసలు పని. ఒక కాగితం మీద వాడి రోజు రాయండి. ఎన్నింటికి లేస్తాడు, ఎప్పుడు తింటాడు, ఎవరితో మాట్లాడతాడు. రాస్తే మీకే తెలుస్తుంది, సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది దాకా ఆ పిల్లాణ్ని పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి ఒక్కడూ ఉండడు. ట్యాంకు దగ్గర ఉన్న ఆ ఇరవై ఏళ్లవాళ్లు తప్ప. వాళ్లు వీడికి సిగరెట్ ఒక్కటే ఇవ్వడం లేదు. 'రారా, కూర్చో, తిన్నావా' అంటున్నారు. నాన్న పోయిన పిల్లాడికి ఆ మాట ఎంతో మీరు ఆలోచించండి. దోస్తుల్ని వదిలెయ్ అని తిడితే వదలడు. 'తిన్నావా' అన్న ఆ మాట ఇంకొకరు అనాలి, ఆ టైముకే అనాలి, రోజూ అనాలి.

మా హాల్లో చేసేది పెద్ద విషయమేమీ కాదు. మహిళా సమాఖ్య వాళ్ల దగ్గర తాళం తీసుకుని ఆరింటికి తెరుస్తాం, తొమ్మిదింటికి మూస్తాం. క్యారమ్ బోర్డు ఉంటుంది. ఉడకబెట్టిన గుడ్లు, టీ. గుడ్లు ఎందుకంటే ఆ టైముకి చాలామంది పొద్దుటి అన్నం మీదే ఉంటారు, ఆకలితో ఉన్నవాడికి ఏ మాటా ఎక్కదు. ఒక గవర్నమెంట్ స్కూల్ టీచరమ్మ వారంలో రెండు రోజులు వచ్చి లెక్కలు చెప్తుంది. మత్తులో వచ్చినవాణ్ని తిట్టి పంపం. ఒక పక్కన పడుకోబెడతాం, మాట్లాడేది మర్నాడు. తిట్టి పంపితే ఎక్కడికి వెళ్తాడో తెలుసు కదా.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకుంటాం. ఇలాంటి పిల్లల్నే పదిమందిని ఏరి ఒకచోట కూర్చోబెట్టం. అలా చేస్తే ఒకడికి తెలిసింది పదిమందికీ తెలిసిపోతుంది. చదువుకునే పిల్లలు, కబడ్డీ ఆడేవాళ్లు, టెన్త్‌కి ప్రిపేర్ అయ్యే ఆడపిల్లలు, అందరూ అదే హాల్లో ఉంటారు. ఎవరు ఎందుకొచ్చారో బయటివాళ్లకి తెలియదు. తెలియకపోవడమే మాకు కావాల్సింది.

నాకు బాగా గుర్తున్న పిల్లాడి గురించి చెప్తాను. మత్తు కోసం పంక్చర్ సొల్యూషన్ పీల్చేవాడు, పదిహేనేళ్లు. కౌన్సెలర్ దగ్గర కూర్చోబెడితే నేల చూసేవాడు. కానీ ఫోన్ పని చాలా బాగా వచ్చు. బస్తీలో ముసలివాళ్లకి గ్యాస్ ఈకేవైసీ, పెన్షన్ దరఖాస్తు ఎలా చేయాలో తెలియక మీసేవ చుట్టూ తిరుగుతుంటారు. వాణ్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, రోజూ సాయంత్రం గంటసేపు ఈ పని నీది అన్నాం. మొదట ఆ ముసలమ్మలే ఒప్పుకోలేదు, 'వీడి చేతికి ఆధార్ కార్డా' అని నా మీదే అరిచారు. పక్కన నేను కూర్చుంటాను అన్నాను. కొన్నాళ్లకి వాళ్లే హాలు తెరవకముందు వచ్చి మెట్ల మీద కూర్చుని వాడు రాలేదేమని అడిగేవారు. ఒకావిడ రొట్టె తెచ్చి పెట్టేది. బస్తీ అంతా దొంగ అన్న పిల్లాడి కోసం బస్తీలో నలుగురు ఎదురు చూడటం మొదలుపెట్టారు. మధ్యలో రెండు మూడుసార్లు మళ్లీ పీల్చాడు, దాచకుండా చెప్తున్నాను. అయినా మర్నాడు బల్ల దగ్గరికి వచ్చాడు. నేను పట్టుకున్నది ఆ రావడాన్నే.

మీవాడు చెల్లెల్ని స్కూల్‌కి దింపుతున్నాడని రాశారు. మీ ప్రశ్న మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చే సంగతి అదే. ఒకరి కోసం టైముకి లేచే పిల్లాడు అన్నమాట. అక్కడినుంచి మొదలుపెట్టండి. ఆ పని ఎవరూ వాడి దగ్గర నుంచి తీసేయకండి, శిక్షగా అసలే తీసేయకండి. వాడికి అలాంటి పని ఇంకొకటి వెతకండి.

ఇంకొక సంగతి. ఆ బైకు ఓనర్ దగ్గరికి తీసుకెళ్లి క్షమాపణ అడిగిస్తే మంచిదని నా నమ్మకం. మా బస్తీలో అలా చేసినప్పుడు రెండు పక్కలా మనసు తేలికైంది.

లీగల్ ఎయిడ్ వకీలు:

అక్కా, మీ మాటలన్నీ ఒప్పుకుంటాను గానీ చివరిది మాత్రం ఇప్పుడే వద్దు. విచారణ నడుస్తుండగా ఓనర్ ఇంటికి వెళ్తే ఒప్పుకున్నట్టు అవుతుంది, సాక్షిని బెదిరించారన్న మాట కూడా రావచ్చు. క్షమాపణ చెప్పాలని ఉంటే లీగల్ ఎయిడ్ వకీలు ద్వారా బోర్డుకే చెప్పించండి. బోర్డులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఇలాంటి మాట వాళ్లు చెవిన వేసుకుంటారు.

బస్తీ ట్యూషన్ అక్క:

సరే వకీలు గారూ, మీరన్నట్టే. మేనమామ గారూ, ఆ విషయంలో వారి మాటే వినండి.

ఏసీ మెకానిక్:

అన్నా నమస్తే. నేను మీ మేనల్లుడి లాంటివాణ్నే, ఇప్పుడు ముప్పై దాటాయి. కుత్బుల్లాపూర్‌లో ఏసీ రిపేర్ షాపు ఉంది, నా దగ్గర ఇద్దరు పిల్లలు పని చేస్తారు.

నన్ను కూడా ఊరికి పంపారు. మా తాత దగ్గర. పొలం పని బాగానే చేశాను, తాత మంచోడే. కానీ ఊర్లో అందరికీ నేను ఎందుకొచ్చానో తెలుసు. ఎవరింట్లో ఏది కనిపించకపోయినా నా వైపు చూసేవాళ్లు. సిటీలో అయితే ఒక గల్లీ దాటితే ఎవరికీ తెలియదు. తిరిగొచ్చాక ఇంకా కోపంగా తయారయ్యాను.

నన్ను నిలబెట్టింది మా గల్లీలో ఒక ఫ్రిజ్ మెకానిక్. మా నాన్నకి కూడా అంతగా పరిచయం లేదు. ఒకరోజు 'ఈ నిచ్చెన పట్టుకోరా' అన్నాడు, పట్టుకున్నాను. మర్నాడు 'వస్తావా' అన్నాడు. ఎప్పుడూ నీతులు చెప్పలేదు. పని అయ్యాక కస్టమర్ ముందే నా చేతికి డబ్బులు ఇచ్చి లెక్కపెట్టమనేవాడు. నన్ను డబ్బు విషయంలో నమ్మిన మొదటి మనిషి ఆయనే. తర్వాత ఆయనే పట్టుబట్టి ఐటీఐలో చేర్పించాడు, చేతి పని ఉన్నా కాగితం లేకపోతే పెద్ద కంపెనీ గేటు దాటనివ్వరు అని.

ఎంపీసీ పోయిందని బాధపడొద్దు. టెన్త్ పాసైతే ఐటీఐకి చాలు. ఏసీ, ఫ్రిజ్ ట్రేడ్ రెండేళ్లు, ఎలక్ట్రీషియన్ కూడా రెండేళ్లే. ఇప్పుడు కొన్ని ప్రభుత్వ ఐటీఐలని ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చి కొత్త మెషిన్లు పెట్టారు, మల్లేపల్లి వాటిలో ఒకటి. ఇంటర్ కాగితమే కావాలంటే ఓపెన్ స్కూల్‌లో రాయొచ్చు, రోజూ కాలేజీకి పోయే పని ఉండదు. కానీ అన్నా, ఇంట్లో కూర్చుని మీరు నిర్ణయించి చెప్పకండి. వాణ్ని వెంట తీసుకెళ్లి ఐటీఐ వర్క్‌షాపు చూపించండి. చూశాక వాడే చెప్తాడు. లెక్కల పుస్తకం చూస్తే పారిపోయే పిల్లాడు కంప్రెసర్ విప్పితే కదలకుండా కూర్చుంటాడు, నా దగ్గర ఉన్న పిల్లల్లో ఒకడు అలాంటివాడే.

మీకు దగ్గరే ఉన్నాను. వాడికి ఇష్టమైతే సాయంత్రం షాపుకి పంపండి. పదహారేళ్లే కాబట్టి ఎత్తు మీదకి ఎక్కించను, కరెంటు పని ముట్టనివ్వను. కూర్చుని చూస్తే చాలు.

చింతల్ మేనమామ:

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. రాత్రి ఇవన్నీ అక్కకి చదివి వినిపించాను. గొలుసు తాకట్టు మాట మానేసింది. పొద్దున వాడితో ఐటీఐ సంగతి ఎత్తాను. అవుననలేదు, కాదనలేదు, 'ఏసీలా' అని మాత్రం అడిగాడు.

ఇంకా రెండు అడగాలి. మా బస్తీలో మీలాంటి హాలు లేదు అక్కా, మేం ఎక్కడ మొదలుపెట్టాలి? రెండోది డబ్బు. అక్క ఓటీ మానేసి సాయంత్రం ఇంట్లో ఉంటానంటోంది. కానీ అద్దె, చెల్లి స్కూలు ఖర్చు ఆ ఓటీ మీదే నడుస్తున్నాయి.

బస్తీ ట్యూషన్ అక్క:

'ఏసీలా' అన్నాడా! మంచి మాట చెప్పారు తమ్ముడూ. ఇక దాన్ని ఎక్కువ లాగకండి. ఒకరోజు ఊరికే షాపు వైపు తీసుకెళ్లండి.

హాలు లేకపోతే హాలు కోసం ఆగొద్దు. బస్తీలో మెప్మా మహిళా పొదుపు సంఘం లీడర్ ఎవరో అక్కని అడగండి, ఆమెకి ప్రతి ఇల్లూ తెలుసు. అంగన్‌వాడీ గది సాయంత్రం ఖాళీగానే ఉంటుంది, పర్మిషన్ అడిగి చూడొచ్చు. బస్తీ దవాఖానాలో డాక్టర్‌తోనో ఆశా వర్కర్‌తోనో మాట్లాడండి, మత్తు గురించి వేరే ఇళ్లలోనూ బాధపడుతున్నవాళ్లు ఎవరో వాళ్లకి తెలుస్తుంది. మీ ఒక్క ఇంటి పనిగా చేస్తే మీరు అలిసిపోతారు. నలుగురు తల్లులు కలిస్తే వంతులు వేసుకోవచ్చు, అప్పుడు మీ అక్క రోజూ ఓటీ మానాల్సిన పని లేదు, వారంలో రెండు సాయంత్రాలు ఉంటే చాలు. మిగతా రోజులు ఒకరోజు మీరు, ఒకరోజు ఆ మెకానిక్ తమ్ముడి షాపు, ఒకరోజు ఇంకో తల్లి.

డబ్బు విషయానికి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ గురించి అడగండి. తండ్రి లేని పిల్లలకి నెలకి 4,000 ఇస్తారు. సిటీలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు, అంటే అక్క జీతం నెలకి ఎనిమిది వేలు దాటితే కష్టం. ఓటీ మానేస్తే ఎంతవుతుందో లెక్క చూసుకుని వెళ్లండి. చెల్లి చదువుతోంది కాబట్టి ముందు ఆ పాప పేరు మీద అడగండి. ప్రొబేషన్ ఆఫీసర్ వచ్చినప్పుడు కూడా ఇదే అడగండి, వాళ్లకి ఆ ఆఫీసుతో రోజూ పని ఉంటుంది. నేరుగా వెళ్లడానికి మొహమాటమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

ఆ సెంటర్ వాళ్లకి ఈ రోజే ఫోన్ చేసి వద్దని గట్టిగా చెప్పండి. అడ్రస్ ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆదివారం రాత్రి మీరు అక్క ఇంట్లోనే పడుకోండి. వద్దన్నా బండి వేసుకుని వస్తే తలుపు తీయకుండా 112కి ఫోన్ చేయండి.